అద్దెకిచ్చి చూడు!

(డల్లాస్ చుట్టుపక్కల ఒకటి రెండు ఇళ్లు కొని అద్దెకిచ్చుకున్న తెలుగువాళ్లు 2020-21లో పడిన పాట్లను ఒకే కుటుంబం కథగా కూర్చిన పునఃకల్పన ఇది. చట్టాలు, తేదీలు, తుపాను వాస్తవాలు. మనుషులకు మాత్రం పేర్లు పెట్టలేదు.)

జడ్జి అడిగిన ప్రశ్న

"ఈ ఇంటి మీద లోన్ ఎవరిది?"

తెలిసిన ప్రశ్నే కావడంతో ఇంటి ఓనరుకు కాస్త ధైర్యం వచ్చింది. బ్యాంకు పేరు చెప్పాడు.

"అది నెలనెలా మీ దగ్గర డబ్బు కట్టించుకునే బ్యాంకు. లోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని అడుగుతున్నాను. ఫ్యానీ మే దగ్గరా? ఫ్రెడ్డీ మ్యాక్ దగ్గరా?"

అతను ఫైలు తిరగేశాడు. లీజు అగ్రిమెంటు ఉంది, తలుపుకి అంటించిన నోటీసు ఫొటో ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

2020 అక్టోబరు. టెక్సాస్ రాష్ట్రం, డెంటన్ కౌంటీలో ఒక జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు. ఇల్లు ఖాళీ చేయించే కేసులు మొదట ఇక్కడికే వస్తాయి. లాయరు లేకుండా ఎవరి వాదన వాళ్లే వినిపించుకోవచ్చు. ఫీజు మిగిలిందనుకుంటూ అతను ఒక్కడే వచ్చాడు. అవతలి బల్ల దగ్గర మాస్కు పెట్టుకుని, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని అద్దెకున్నావిడ కూర్చుంది.

"మీరెన్ని రోజుల నోటీసిచ్చారు?" జడ్జి అడిగాడు.

"మూడు రోజులు. టెక్సాస్ చట్టం అంతే కదండీ."

"టెక్సాస్ చట్టం అంతే. కానీ మార్చిలో కాంగ్రెస్ కేర్స్ చట్టం చేసింది. ఫెడరల్ అండ ఉన్న లోన్‌తో కొన్న ఇల్లయితే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ ఇల్లు ఆ లెక్కలోకి రాదని ఈ పిటిషన్లో ప్రమాణం చేసి సంతకం పెట్టారు. లోన్ ఎవరిదో తెలియకుండా ఎలా పెట్టారు?"

అతను నోరెత్తలేదు. ఆ గడిలో టిక్కు పెట్టింది రాత్రి పదకొండింటికి, రెండు ఆఫీసు మీటింగుల మధ్య. కేసు కొట్టేశారు. మళ్లీ నోటీసిచ్చి, మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ వేసుకోవచ్చన్నారు.

బయట కారు దగ్గరికి ఆమే వచ్చింది. "సారీ సార్. ఇది కూడా మీకివ్వమన్నారు," అంటూ మడత కాగితం చేతిలో పెట్టింది. సీడీసీ (కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ) డిక్లరేషన్. కరోనా వల్ల ఆదాయం పోయింది, అద్దె కట్టడానికి చేతనైనంత ప్రయత్నం చేస్తున్నాను, ఖాళీ చేయిస్తే పోవడానికి చోటు లేదు అని అద్దెదారు సంతకం చేసిచ్చే పత్రం. 2020 సెప్టెంబరు 4 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. అప్పట్లో ఇది చేతిలో పడితే అద్దె బాకీ కోసం ఖాళీ చేయించడం కుదిరేది కాదు.

ఆ రాత్రి ఫ్యానీ మే వెబ్‌సైట్లో ఇంటి అడ్రసు కొట్టి చూశాడు. ఫ్రెడ్డీ మ్యాక్ లాగే ఇదీ బ్యాంకుల దగ్గర ఇళ్ల లోన్లు కొనే, ఫెడరల్ అండ ఉన్న సంస్థ. లోన్ వాళ్లదే. బ్యాంకు దాన్ని ఎప్పుడో వాళ్లకు అమ్మేసింది. వాయిదాలు కట్టించుకునే పని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అమెరికాలో ఇది రోజూ జరిగేదే. కాగితం వచ్చే ఉంటుంది, అతను చదివి ఉండడు.

230 డాలర్ల లెక్క

అతనూ భార్యా సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఉండేది ఫ్రిస్కోలో. 2018లో లిటిల్ ఎల్మ్‌లో మొదటి అద్దె ఇల్లు కొన్నారు. ధర రెండు లక్షల నలభై వేల డాలర్లు. చేతి నుంచి అరవై వేలు పెట్టారు, మిగతాది లోను. అద్దె 1,850. లోన్ వాయిదా, ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కాలనీ అసోసియేషన్ రుసుము పోను నెలకు మిగిలేది సుమారు 230 డాలర్లు. లోన్ అద్దెదారే తీర్చిపెడతాడు, ఇంటి విలువ పెరుగుతుంది, పైగా నెలనెలా కాఫీ ఖర్చులు. శనివారం విందుల్లో మిత్రులు చెప్పిన ఈ లెక్కలో తప్పేమీ లేదు. అందులో లేనివే తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి.

తెనాలి నుంచి నాన్న వీడియో కాల్లో మురిసిపోయాడు. "మన రెండు పోర్షన్ల అద్దెతోనే కదరా నీ ఇంజినీరింగ్ ఫీజు కట్టాను. మంచి పని చేశావు. మనవాళ్లకే ఇవ్వు, శాకాహారులైతే మరీ మంచిది."

టు-లెట్ ప్రకటన అలాగే రాశాడు: 'తెలుగు కుటుంబానికి ప్రాధాన్యం. పిల్లలు లేనివాళ్లయితే మంచిది.' రియల్టర్ చదివి ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది.

"ఇది పైకి వెళ్తే మీ మీద ఫిర్యాదు వస్తుంది. 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, ఆడా మగా, వైకల్యం, పిల్లలు ఉండటం... వీటిలో దేన్నిబట్టీ ఇల్లు ఇవ్వననకూడదు, ఫలానావాళ్లకే ఇస్తానని ప్రకటించకూడదు. ఆదాయం చూడండి, క్రెడిట్ స్కోరు చూడండి, పాత ఇంటి ఓనరును అడగండి. వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే కొలత పెట్టండి."

ఆ కొలతకు సరిపోయింది ఓ హోటల్లో విందు ఏర్పాట్లు చూసే ఆవిడ. ఇద్దరు పిల్లలు, తోడుగా తమ్ముడు. ఇద్దరి జీతాలూ కలిపితే అద్దెకు మూడు రెట్లు. ఏడాదిన్నరపాటు ఒకటో తారీఖు సాయంత్రానికల్లా అద్దె అకౌంట్లో పడింది. ఆ ధీమాతోనే 2019లో మెకిన్నీలో రెండో ఇల్లు కొన్నారు. ఇరవై ఏళ్ల పాత ఇల్లు, ధర కాస్త తక్కువ.

లెక్కలో లేని ఖర్చులు

2020 జులైలో మెకిన్నీ ఇంటి ఏసీ ఆగిపోయింది. టెక్సాస్ జులైలో ఏసీ లేకపోతే ఇంట్లో మనిషి ఉండలేడు. మెకానిక్ చూసి పెదవి విరిచాడు. పాత యంత్రం, ఆర్-22 గ్యాసుతో నడిచేది. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని ఆ ఏడాది జనవరి 1 నుంచే దాని తయారీ, దిగుమతి ఆపేశారు. పాత నిల్వలతో నింపించుకున్నా డబ్బు దండగే, మళ్లీ కారుతుంది. కొత్తది బిగించడానికి 6,500 డాలర్లు. నెలకు 230 మిగిలే లెక్కలో రెండేళ్ల పైచిలుకు లాభం ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

చిన్న దెబ్బలకు కొదవ లేదు. గడ్డి పెరిగిందని అసోసియేషన్ ఉత్తరం. ఎండాకాలంలో డల్లాస్ బంకమట్టి కుంచించుకుపోయి పునాది కదులుతుంది కాబట్టి ఇంటి చుట్టూ నేల తడపమని ఇన్‌స్పెక్టర్ సలహా. నీళ్ల బిల్లు ఎవరు కట్టాలన్నదానిపై అద్దెదారుతో చర్చ.

అన్నిటికన్నా నొప్పి పుట్టించింది ప్రాపర్టీ ట్యాక్స్. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ భారంలో పెద్ద వాటా ఇళ్ల మీద పడుతుంది. సొంతంగా కాపురముండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. అద్దె ఇంటికి అప్పట్లో ఏ అడ్డూ లేదు. విలువ ఎక్కువ కట్టారనుకుంటే సాధారణంగా మే 15లోపు అభ్యంతరం వేసుకోవాలి. మొదటి ఏడాది ఆ తేదీ సంగతే వాళ్లకు తెలియదు. పెరిగిన పన్నును అద్దెలో కలుపుదామంటే లీజు పూర్తయ్యేదాకా ఆగాలి.

నష్టం వచ్చింది కదా, ఆదాయపు పన్నులోనైనా కలిసొస్తుందనుకున్నారు. పన్ను లెక్కలు చూసే సీపీఏ తల అడ్డంగా ఊపాడు. అద్దె నష్టాన్ని జీతంలో తగ్గించి చూపే వెసులుబాటు ఉంది. అయితే ఏడాది ఆదాయం లక్ష డాలర్లు దాటితే అది తరుగుతూ, లక్షా యాభై వేలకు పూర్తిగా పోతుంది. ఇద్దరు ఇంజినీర్ల ఇంట్లో ఆ గీత ఎప్పుడో దాటిపోయింది. ఆ నష్టాలు కాగితం మీద ముందుకు జరుగుతాయి, జేబులోకి మాత్రం ఇప్పుడు రావు.

ఆగిన అద్దె

లిటిల్ ఎల్మ్ ఇంట్లో మార్చి నుంచే కుదుపు మొదలైంది. హోటల్లో విందులు ఆగిపోయాయి. తమ్ముడు పని వెతుక్కుంటూ హ్యూస్టన్ వెళ్లిపోయాడు. అయినా ఆమె ఎలాగోలా కడుతూనే వచ్చింది. నిరుద్యోగ భృతి మీద వారానికి 600 డాలర్లు అదనంగా కేంద్రం ఇచ్చిన రోజులవి. జులై చివరితో ఆ అదనం ఆగింది. ఆగస్టు అద్దె ముందు సగమే వచ్చింది, బతిమాలితే మిగతా సగం ఇచ్చింది. సెప్టెంబరులో అసలు రాలేదు.

ఆ నెలలోనే కంగారు పడి మూడు రోజుల నోటీసు అంటించాడు. ఆ తర్వాత కోర్టులో జరిగింది చూశాం.

నాన్నకు విషయం చెబితే మండిపడ్డాడు. "ఒరేయ్, కోర్టులెందుకురా? కరెంటు పీకించు. తాళం మార్చు. రెండు రోజుల్లో సామాను సర్దుకుంటారు."

"ఇక్కడ అలా చేస్తే ఎదురు కేసు నా మీదే పడుతుంది నాన్నా."

"మరి నీ ఇంటికి నువ్వేం ఓనరువిరా?"

ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేకపోయింది. పక్కనే కూర్చున్న భార్య ఉంది.

"ఏమండీ, మావయ్యగారికి తెనాలిలో అప్పు లేదు. మనకు ఉంది. ఆవిడ కట్టినా కట్టకపోయినా ఒకటో తారీఖున బ్యాంకుకి మనం కట్టాల్సిందే. ఇది అద్దె మీద వచ్చిన గొడవ కాదండీ, మన దగ్గర నిల్వ డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన గొడవ."

ఆమె మాటలో విషయముంది. ఇన్విటేషన్ హోమ్స్ అనే కంపెనీ ప్రధాన కార్యాలయం అదే డల్లాస్‌లో ఉంది. అప్పట్లో దేశంలో దాదాపు 80,000 ఇళ్లు అద్దెకిచ్చేది. వాళ్లకు ఒక ఇంటి అద్దె ఆగితే ఎనభై వేలలో ఒకటి. లాయర్లు, ప్లంబర్లు, లెక్కలు రాసే మనుషులు సిద్ధంగా ఉంటారు. రెండిళ్ల ఓనరుకు ఒక ఇంటి అద్దె ఆగితే ఆదాయంలో సగం పోయినట్టు. లాయరూ, ప్లంబరూ, గుమస్తా అన్నీ అతనే. చట్టం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మంచు తుపాను

2021 ఫిబ్రవరి నడిమధ్య టెక్సాస్ గడ్డకట్టింది. పదిహేనో తేదీ తెల్లవారుజాము నుంచి కరెంటు కోతలు. ఒక దశలో నలభై అయిదు లక్షల ఇళ్లు, దుకాణాలకు కరెంటు లేదు. పదహారున డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో మైనస్ 19. 1949 తర్వాత అంత చలి ఆ ప్రాంతంలో లేదు. ఆ తుపానులో 246 మంది చనిపోయారని రాష్ట్రం తర్వాత లెక్క తేల్చింది.

అక్కడి ఇళ్లలో నీళ్ల గొట్టాలు చాలాచోట్ల అటకమీదుగా పోతాయి. చలిప్రాంతాల్లోలాగా వాటికి గట్టి రక్షణ ఉండదు. గొట్టంలో నీరు గడ్డకట్టి, ఉబ్బి, పగులుతుంది. గడ్డ కరిగాక వరద మొదలవుతుంది.

ఆ తుపాను రోజుల్లో ఒక రాత్రి అద్దెకున్నావిడ ఫోన్ చేసింది. అయిదు నెలలుగా అతని ఫోన్లకు సరిగ్గా జవాబివ్వని మనిషి. "సార్, సీలింగులోంచి నీళ్లు పడుతున్నాయి. పిల్లలున్న గదిలో."

"మెయిన్ వాల్వ్ కట్టేశారా?"

"అదెక్కడుందో నాకు తెలియదు."

అతనికీ తెలియదు. ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఫొటో ఉందని భార్య గుర్తుచేసింది. ఫోన్లో అది వెతుక్కుని, పెద్ద పానా ఒకటి, టార్చి ఒకటి పట్టుకుని బయల్దేరాడు. ఎల్డొరాడో పార్క్‌వే మీద వీధి దీపాలు లేవు. కారు జారుతుంటే తక్కువ గేరులో పాకించుకుంటూ వెళ్లాడు.

మీటరు పెట్టె రోడ్డు పక్కన నేలలో ఉంది, దాని మీద జానెడు మంచు. అతను చేతులతో తవ్వుతుంటే, ఆమె వంటింట్లోంచి అట్లకాడ పట్టుకొచ్చి అవతలివైపు నుంచి గోకింది. ఇనప మూత అతుక్కుపోయి ఉంది. పానా కొనతో లేపితే కాస్త కదిలింది, ఆమె వేళ్లు దూర్చి పైకెత్తింది. లోపల గుంటలో నీళ్లు పల్చటి మంచు కట్టి ఉన్నాయి. చెయ్యి మోచేతిదాకా ముంచి వాల్వ్ తడుముకున్నాడు. మూడోసారికి పానా పట్టు దొరికింది. పావు చుట్టు తిప్పగానే ఇంట్లోని చప్పుడు ఆగింది.

లోపలికి వెళ్లి చూస్తే పిల్లల గదిలో సీలింగు పెచ్చు ఊడి మంచం మీద పడింది. గులాబీరంగు ఇన్సులేషన్ తడిసిన పరుపు దూదిలా వేలాడుతోంది. చిన్నపిల్ల హాల్లో సోఫామీద కోటు వేసుకునే నిద్రపోతోంది.

టెక్సాస్ చట్టం ప్రకారం మరమ్మతు కోరే అద్దెదారుకు ఆ సమయానికి బాకీ ఉండకూడదు. ఉంటే యజమానికి ఆ బాధ్యత పట్టదు. ఆ సంగతి అతను తర్వాత చదివాడు. ముందే తెలిసినా చేసేది అదే. తడుస్తున్నది తన ఇల్లే కదా.

ఇన్సూరెన్స్ వచ్చింది. కానీ మొదటి 2,400 డాలర్లు చేతినుంచే పెట్టుకోవాలి. ప్లంబరు దొరకడానికి వారాలు పట్టింది. మొత్తం టెక్సాస్ ప్లంబర్ల కోసం వరసలో నిలబడి ఉంది మరి. యజమాని పాలసీలో అద్దెదారు మంచాలు, బట్టలు, పిల్లల కంప్యూటరు రావు. దానికి రెంటర్స్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి. ఆమెకు లేదు, తీసుకొమ్మని లీజులో అతను రాయలేదు.

వంటింటి బల్లమీద

మరమ్మతులు జరుగుతుండగా ఓ సాయంత్రం అద్దెకున్నావిడే బాకీ మాట ఎత్తింది. రాష్ట్రం టెక్సాస్ రెంట్ రిలీఫ్ అని ఒక పథకం ఆ ఫిబ్రవరిలోనే పెట్టింది. కేంద్రం ఇచ్చిన డబ్బు. 2020 మార్చి 13 నుంచి పేరుకున్న అద్దె బాకీని నేరుగా యజమానికే కట్టేసేది. దరఖాస్తు ఇద్దరూ కలిసి నింపితే పని త్వరగా అయ్యేది.

"మీరు సంతకం పెడతారో పెట్టరోనని ఇన్నాళ్లూ అడగలేదు సార్."

"నేను మళ్లీ నోటీసివ్వడానికి రాసి పెట్టుకున్నాను," అన్నాడతను. ఆ కాగితం ఇంకా కారులోనే ఉంది.

యజమాని వైపు నుంచి లీజు, డబ్ల్యూ-9 ఫారం, నెలవారీ బాకీ చిట్టా కావాలి. చిట్టా దగ్గర పని ఆగింది. కొన్ని నెలలు జెల్ (Zelle) యాప్‌లో వచ్చాయి, ఒక నెల చెక్కు, ఆగస్టు రెండు ముక్కలు. లేటు ఫీజు ఒక నెల వేశాడు, ఒక నెల మాఫీ అని వాట్సాప్‌లో రాశాడు. రెండు రాత్రులు కూర్చుని అతని భార్య ఎక్సెల్ షీట్ తయారుచేసింది. తారీఖు, రావలసింది, వచ్చింది, బాకీ. ఏ వరసకు ఆ వరస రుజువు పక్కన పెట్టింది.

"ఇదే షీట్ మొదటి నెల నుంచీ ఉంటే కోర్టుకు వెళ్లేవాళ్లమే కాదేమో," అంది.

జూన్‌లో డబ్బు వచ్చింది. సెప్టెంబరు నుంచి జూన్ దాకా పది నెలలది, 18,500 డాలర్లు. అప్పటికి హోటళ్లు తెరుచుకున్నాయి. జులై అద్దె ఆమే కట్టింది. అక్టోబరులో కేసు గెలిచి ఉంటే? ఆమె రోడ్డున పడేది. అతనికి ఆ బాకీ ఎప్పటికీ వచ్చేది కాదు. కరోనా చలికాలంలో ఖాళీ ఇంటికి మనిషి దొరికేదో లేదో. తుపాను రాత్రి ఆ ఇంట్లో ఎవరూ లేకపోతే నీళ్లు ఎన్ని రోజులు పారేవో!

ఖాళీ చేయించకూడదన్న కేంద్ర ఉత్తర్వును 2021 ఆగస్టు 26న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి నిషేధం విధించే అధికారం సీడీసీకి లేదంది. ఆ తీర్పు వచ్చేసరికి ఈ ఇంటి తగాదా తీరిపోయింది.

ఆమె తర్వాతి ఏడాది తనంతట తానే ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. డిపాజిట్ విషయంలో ఈసారి అతను తడబడలేదు. కొత్త అడ్రసు రాసిస్తే, ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి. పట్టుకున్న ప్రతి డాలరుకీ కారణం రాసివ్వాలి. గోడ మీద మేకు గుర్తులు, నడిచి నలిగిన కార్పెట్ మామూలు వాడకం కిందే లెక్క, వాటికి కోత పెట్టకూడదు. దురుద్దేశంతో పట్టుకున్నాడని తేలితే ఆ మొత్తానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు, అవతలివాళ్ల లాయరు ఫీజు కట్టాలి. అతను మొత్తం తిరిగిచ్చేశాడు.

మూడో ఇల్లు కొందామా అని 2022లో ఒకసారి అనుకున్నారు. 2021లో 3 శాతం దగ్గరున్న ఇంటి లోన్ వడ్డీ 2022 అక్టోబరు చివర్లో 7 శాతం దాటింది. కాగితం మీద వేసి చూస్తే ఆ 230 కూడా మిగలడం లేదు. మానేశారు.

డల్లాస్‌లో కానీ, న్యూజెర్సీలో కానీ, కొంపల్లిలో కానీ అద్దె కోసం ఇల్లు కొనాలనుకుంటున్న పాఠకులు ఎంతోమంది ఉంటారు. ఏ ఊళ్లోనైనా చిన్న ఓనరును ముంచేది అద్దె కట్టని మనిషి ఒక్కడే కాదు. ఆ మనిషి కట్టని నెలల్లో తన దగ్గర డబ్బు లేకపోవడం, రాసిన కాగితం లేకపోవడం, చట్టం తెలియకపోవడం ముంచుతాయి. కొనేముందు ఆరు నెలల వాయిదాలు, ఒక పెద్ద మరమ్మతుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి. మొదటి నెల నుంచీ ప్రతి పైసాకూ చిట్టా రాయండి. మీ ఊళ్లో అద్దెదారుకు చట్టం ఇచ్చిన హక్కులు, మీ లోన్ కాగితాలు, రెండూ ఒకసారి పూర్తిగా చదవండి. ఈ మూడూ చేతిలో లేకపోతే ఆ ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.